కింది 5 శాతం బడులు: ఫెడరల్ డబ్బు, రాష్ట్రాల లెక్క

టెక్సస్‌లో ఫ్రిస్కోలోనో, హ్యూస్టన్ శివారు కేటీలోనో ఇల్లు చూస్తున్న తెలుగు కుటుంబం ముందుగా అడిగేది స్కూలు గురించే. ఆ ఇంటికి ఏ బడి వస్తుంది, దానికి పదికి ఎంత రేటింగ్ ఉంది? తొమ్మిదో పదో అయితే ధర కాస్త ఎక్కువైనా సర్దుకుంటారు. ఆ అంకె చాలావరకు రాష్ట్రం పెట్టే పరీక్షల మార్కుల నుంచి పుడుతుంది. 3 నుంచి 8వ తరగతి వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి ఆ పరీక్షలు పెట్టి తీరాలని చెప్పేది మాత్రం ఫెడరల్ చట్టం, అంటే వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వ చట్టం.

ఆ రేటింగుల జాబితాకు ఇంకో కొస ఉంది. ఇళ్లు కొనేవాళ్లెవరూ అటువైపు చూడరు. రాష్ట్ర విద్యాశాఖలో ఒక చిన్న విభాగం మాత్రం ఏడాది పొడవునా ఆ కొసనే చూస్తూ ఉంటుంది. మూడేళ్లకోసారి, కొన్నిచోట్ల అంతకంటే ముందే, రాష్ట్రంలో అట్టడుగున ఉన్న బడుల పేర్లు ప్రకటించి, వాటికి ఫెడరల్ డబ్బు పంచి, అవి మెరుగుపడ్డాయో లేదో వాషింగ్టన్‌కు చెప్పే బాధ్యత ఈ విభాగానిదే. అరవై ఏళ్లుగా ఈ ఏర్పాటుకు మార్పులు చేస్తూనే ఉన్నారు. అయినా డబ్బు సరిగా ఖర్చయిందా అన్నదానికి జవాబు రాబట్టినంత గట్టిగా, పిల్లలకు చదువు వచ్చిందా అన్నదానికి రాబట్టలేకపోతోంది.

అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే లేదు. బడులు రాష్ట్రాల వ్యవహారం. వాటి నిర్వహణ స్కూల్ డిస్ట్రిక్టులది, అంటే ఒక్కో ప్రాంతంలో బడులు నడిపే స్థానిక సంస్థలది. డబ్బులో పెద్ద భాగం రాష్ట్ర పన్నులది, ఇంటి పన్నులది. కోవిడ్ ఏళ్లను పక్కన పెడితే పాఠశాల విద్యకయ్యే ఖర్చులో ఫెడరల్ వాటా సాధారణంగా పదో వంతు కంటే తక్కువే. అయితే ఆ పదో వంతు ఊరికే రాదు, షరతులతో వస్తుంది. షరతులు మాత్రం మిగతా తొమ్మిది వంతులకూ వర్తిస్తాయి. పెళ్లికి కొంత సొమ్మిచ్చిన మేనమామ భోజనాల పట్టీ మొత్తం తానే రాసినట్టు అన్నమాట.

ఇదంతా 1965 ఏప్రిల్ 11న మొదలైంది. లిండన్ జాన్సన్ టెక్సస్‌లో తాను చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన ఒంటిగది బడి ముందు బల్ల వేయించుకుని, తన మొదటి టీచర్ కేట్ లోనీని పక్కన కూర్చోబెట్టుకుని విద్యా చట్టంపై సంతకం చేశాడు. అధ్యక్షుడు కావడానికి చాలా ముందు ఆయన కొటూలా అనే ఊళ్లో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ చట్టంలో మొదటి భాగమే టైటిల్ వన్. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు అదనపు డబ్బు ఇవ్వడం దాని ఉద్దేశం. ఇప్పుడు దానికి ఏడాదికి సుమారు 1,840 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నారు.

మొదటి నాలుగేళ్లూ ఆ డబ్బుకు కాపలా లేదు. 1969లో పౌరహక్కుల సంస్థలు ఒక నివేదిక బయటపెట్టాయి. పేద పిల్లల కోసం ఇచ్చిన సొమ్ముతో మెంఫిస్‌లో పోర్టబుల్ స్విమ్మింగ్ పూల్స్ కొన్నారని అందులో తేలింది. చాలాచోట్ల డిస్ట్రిక్టులు తమ మామూలు ఖర్చులనే ఫెడరల్ ఖాతాలోకి నెట్టి సొంత సొమ్ము మిగుల్చుకున్నాయి. ఆ స్విమ్మింగ్ పూల్స్ నీడ ఇప్పటికీ ప్రతి ఫైలు మీదా పడుతుంది. రాష్ట్ర అధికారులు రోజూ వల్లించే మూడు నిబంధనలు ఆ కాలపు అనుభవం నుంచి వచ్చినవే. ఫెడరల్ డబ్బు స్థానిక డబ్బుకు అదనంగా ఉండాలి తప్ప బదులుగా కాదు. రాష్ట్రం, డిస్ట్రిక్టు కలిసి చేసే సొంత ఖర్చు అంతకుముందు ఏడాది ఖర్చులో 90 శాతానికి తగ్గకూడదు. ఫెడరల్ సాయం లెక్కలోకి రాకముందే డిస్ట్రిక్టులోని పేద బడులకు, మిగతా బడులకు సమానంగా వనరులు అందుతూ ఉండాలి.

డబ్బు పంపకంలో రాష్ట్రానికి ఇష్టాయిష్టాలు దాదాపు లేవు. సెన్సస్ బ్యూరో పేదరిక అంచనాలను నాలుగు ఫార్ములాల్లో పెడితే ఏ డిస్ట్రిక్టుకు ఎంత వస్తుందో తేలుతుంది. డిస్ట్రిక్టు తన బడులను పేదరికం వారీగా వరసలో పెట్టి, 75 శాతం కంటే ఎక్కువ పేద పిల్లలున్న బడులకు ముందు ఇచ్చి, మిగిలితే కిందికి వస్తుంది. బడి స్థాయిలో పేదరికాన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది మధ్యాహ్న భోజనం లెక్క, అంటే ఉచితంగా లేదా తగ్గింపు ధరకు భోజనం పొందే పిల్లల సంఖ్య. పేద ప్రాంతాల్లో ఇప్పుడు చాలా బడులు దరఖాస్తు అడగకుండానే అందరికీ ఉచితంగా భోజనం పెడుతున్నాయి. పిల్లలకు ఎంతో మేలు చేసిన మార్పు ఇది. కానీ ఫారం నింపేవాళ్లు లేకపోవడంతో ఎవరు ఎంత పేదవాళ్లో చెప్పే పాత లెక్క మసకబారింది. పళ్లెంలో అన్నం పెట్టే పథకానికి, గ్రాంటు లెక్కకు ఇంత ముడి ఉంటుందని బయటివాళ్లు ఊహించలేరు.

రాష్ట్రం చేతిలో నిజంగా మిగిలేది చిల్లర. పరిపాలన ఖర్చుకు 1 శాతం, వెనకబడ్డ బడుల మెరుగుదలకు కనీసం 7 శాతం. కావాలనుకుంటే విద్యార్థులకు నేరుగా అందే సేవల కోసం మరో 3 శాతం పక్కన పెట్టుకోవచ్చు. దేశం మొత్తం మీద ఆ 7 శాతం సుమారు 130 కోట్ల డాలర్లు. అందులోనూ 95 శాతం డిస్ట్రిక్టులకే పంపేయాలి. అట్టడుగు బడులను బాగుచేయండి అని చట్టం రాష్ట్రాలకు అప్పగించిన పెద్ద పనికి, నేరుగా ముట్టే ఇంధనం ఇంతే.

ఒక టీచరు జీతం ఫైలు

ఈ వ్యవస్థ దేన్ని బాగా చేస్తుందో తెలియాలంటే ఒక ఫైలు వెంట నడిస్తే చాలు. ఒక బడిలో మూడో తరగతి పిల్లలు చదవడంలో వెనకబడ్డారని ప్రత్యేకంగా ఒక టీచర్‌ను పెట్టారనుకుందాం. ఆమె జీతంలో 60 శాతం టైటిల్ వన్ నుంచి, 40 శాతం రాష్ట్ర నిధుల నుంచి. డిస్ట్రిక్టు ముందుగా తన వార్షిక దరఖాస్తులో ఈ పోస్టు చూపించి రాష్ట్ర ఆమోదం తీసుకోవాలి. తర్వాత తన సొంత నగదుతో జీతం ఇచ్చి, రాష్ట్రానికి క్లెయిమ్ పెట్టాలి. రాష్ట్రం పరిశీలించి ఫెడరల్ ఖాతా నుంచి డబ్బు తీసి ఇస్తుంది. మన దగ్గర గ్రాంటు ముందొచ్చి యూసీ, అంటే ఖర్చు చేశామన్న ధ్రువపత్రం, తర్వాత వెళ్తుంది. అక్కడ ఖర్చు ముందు, డబ్బు తర్వాత.

ఆ టీచర్ తన పని సమయంలో 60 శాతం నిజంగా టైటిల్ వన్ పనికే వెచ్చించిందని చూపే రికార్డు కావాలి. ఆ కాగితం లేకపోయినా, సంతకం మర్చిపోయినా ఆడిటర్ ఆ జీతాన్ని ప్రశ్నార్థక ఖర్చుగా రాస్తాడు. డిస్ట్రిక్టు ఆ డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఏడాదికి 10 లక్షల డాలర్ల ఫెడరల్ సొమ్ము ఖర్చు చేసే ఏ సంస్థకైనా ప్రత్యేక ఆడిట్ తప్పనిసరి. 2024 దాకా ఆ పరిమితి ఏడున్నర లక్షలే ఉండేది. ఇక గడువుల గొడవ. గ్రాంటు సొమ్ము మొత్తం 27 నెలల్లో వాడేయాలి, మొదటి ఏడాది దాటాక 15 శాతానికి మించి మిగల్చకూడదు. దాంతో వేసవి దగ్గర పడేకొద్దీ అకౌంట్స్ విభాగాల్లో టెన్షన్ మొదలవుతుంది. హడావిడిగా ల్యాప్‌టాప్‌లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొనే కాలం అదే.

ఇప్పుడు ఆ ఫైలును ఇంకోసారి తిరగేస్తే జీతం ఉంది, శాతాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, ఆమోదం తేదీ ఉంది. ఆ మూడో తరగతి పిల్లలకు చదవడం వచ్చిందో లేదో మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి వేరే విభాగంలో, వేరే డేటాబేస్‌లో, మరుసటి ఏడాది వచ్చే పరీక్ష ఫలితాల్లో ఉంటుంది. రెండు విభాగాలూ ఒకే భవనంలో ఉండొచ్చు. కానీ ఈ ఫైలు ఆ గదికి వెళ్లదు.

పేద పిల్లలు 40 శాతం దాటిన బడులు వేర్వేరు నిధులను ఒకే సంచిలో కలిపి, బడి మొత్తానికి ఒకే ప్రణాళిక ప్రకారం వాడుకోవచ్చని చట్టమే చెబుతోంది. అలా కలిపితే ఈ శాతాల తలనొప్పి చాలావరకు పోతుంది. అయినా నిధులను నిజంగా కలిపే బడులు తక్కువ. కలిపాక ఆడిటర్ ఏమంటాడో అన్న భయం ఒకటి, రాష్ట్ర అకౌంటింగ్ పద్ధతులు అడ్డు రావడం ఇంకొకటి. చట్టం అనుమతించిన దాన్ని అలవాటు అడ్డుకోవడం ఇక్కడ సర్వసాధారణం.

అట్టడుగు అంటే ఎవరు?

2002లో జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టం గొప్ప గడువు ఒకటి పెట్టింది. 2014 నాటికి దేశంలో ప్రతి పిల్లవాడూ లెక్కల్లో, చదవడంలో నిర్ణీత స్థాయి అందుకోవాలి. ఏటా లక్ష్యం పెరుగుతూ పోతుంది, ఒక్క విద్యార్థి వర్గం తప్పినా బడి మొత్తం తప్పినట్టే. నూటికి నూరు అన్న లక్ష్యం పెట్టుకున్నాక జరిగేది ముందే తెలుసు. గడువు దగ్గర పడేకొద్దీ మంచి బడులు కూడా విఫలమైన వాటి జాబితాలో చేరాయి. అట్లాంటాలో 2011లో రాష్ట్ర దర్యాప్తు 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపల్స్ జవాబు పత్రాల మోసంలో పాలుపంచుకున్నట్టు తేల్చింది. పిల్లలు తప్పు గడి నింపిన చోట పెద్దవాళ్లు చెరిపి సరైన గడి నింపారు. కాంగ్రెస్ చట్టాన్ని సవరించలేక చేతులెత్తేయడంతో, 2012 నుంచి ఒబామా ప్రభుత్వం నలభైకి పైగా రాష్ట్రాలకు మినహాయింపులు ఇస్తూ పోయింది.

2015 డిసెంబరు 10న వచ్చిన కొత్త చట్టం ఇప్పుడు అమల్లో ఉన్నది. పరీక్షలు అలాగే ఉంచి, వాటి ఫలితాలతో ఏం చేయాలన్నది రాష్ట్రాలకు వదిలింది. రాష్ట్రం గుర్తించాల్సిన బడులు రెండు ముఖ్యమైన రకాలు. టైటిల్ వన్ డబ్బు తీసుకునే బడుల్లో కింది 5 శాతం, మూడింట ఒక వంతు పిల్లలు పూర్తి చేయలేకపోతున్న హైస్కూళ్లు మొదటి రకం. బడి మొత్తంగా బాగున్నా నల్లజాతి పిల్లలో, వికలాంగ పిల్లలో, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలో బాగా వెనకబడిన బడులు రెండో రకం.

ఈ 5 శాతం అన్న మాటలో పెద్ద తేడా ఇమిడి ఉంది. పాత చట్టం ఎత్తు కొలిచేది. కొత్త చట్టం వరస కొలుస్తుంది. రాష్ట్రంలో బడులన్నీ బాగుపడినా కింది 5 శాతం ఉంటుంది, అన్నీ చెడినా అంతే ఉంటుంది. ఒక బడి జాబితాలోంచి బయటపడిందంటే అది మెరుగుపడి ఉండొచ్చు, పక్క బడి ఇంకా దిగజారి ఉండొచ్చు, లేదా రాష్ట్రం మార్కుల ఫార్ములా మార్చి ఉండొచ్చు. కోవిడ్ తర్వాత చాలా రాష్ట్రాలు ఫార్ములాలు మార్చాయి కాబట్టి మూడోది ఊహాగానమేమీ కాదు.

ఫార్ములాలో పరీక్షలతో పాటు ఇంకో కొలమానం కూడా ఉండాలని చట్టం చెబితే, ముప్పైకి పైగా రాష్ట్రాలు హాజరును ఎంచుకున్నాయి. బడి రోజుల్లో 10 శాతం, అంటే సుమారు 18 రోజులు మానేసిన పిల్లల శాతం ఎంత అన్నది లెక్క. 2018-19లో దేశవ్యాప్తంగా ఇది సుమారు 15 శాతం ఉండేది, 2021-22కి 28 శాతం దాకా ఎగబాకింది. ఇంటి అద్దె కట్టలేక మూడుసార్లు ఇల్లు మారిన కుటుంబంలోని పిల్ల బడికి రాకపోతే ఆ మార్కు పోయేది బడికి.

ఇంకో చిన్న అంకె ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక వర్గం పిల్లల ఫలితాలను విడిగా లెక్కించాలంటే ఆ బడిలో వాళ్లు కనీసం ఎంతమంది ఉండాలన్నది రాష్ట్రమే నిర్ణయిస్తుంది. కొన్ని రాష్ట్రాలు 10 అంటాయి, కొన్ని 20, కొన్ని 30. కనీస సంఖ్య 30 ఉన్న చోట ఒక బడిలో 29 మంది వికలాంగ విద్యార్థులు ఉంటే, ఆ వర్గం బాగా వెనకబడినా జవాబుదారీ లెక్కకు కనబడదు. మన పిల్లల సంగతికొస్తే, వాళ్లు ఆసియన్ అన్న ఒకే గడిలో పడతారు. అదే గడిలో శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. సగటు బాగుంటే ఆ పిల్లల ఇబ్బంది కింద పడిపోతుంది.

జాబితాలో పడ్డాక

డబ్బు పోసి బడిని మార్చాలన్న పెద్ద ప్రయత్నం 2009లో జరిగింది. ఆర్థిక ఉద్దీపన చట్టం కింద బడుల మెరుగుదలకే 300 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కో బడికి ఏడాదికి 20 లక్షల డాలర్ల దాకా ఇచ్చారు, నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. బడి మూసేయడం, చార్టర్ సంస్థకు (ప్రభుత్వ డబ్బుతో బడులను స్వతంత్రంగా నడిపే సంస్థకు) అప్పగించడం, ప్రిన్సిపల్‌ను మార్చి పని పద్ధతులు మార్చడం, ప్రిన్సిపల్‌తో పాటు సగం మంది టీచర్లను మార్చడం. మొత్తం మీద ఖర్చు 700 కోట్ల డాలర్లు. 2017 జనవరిలో విద్యాశాఖ సొంత పరిశోధన విభాగమే ఫలితం ప్రకటించింది. ఆ నమూనాలను పాటించడం వల్ల మార్కుల్లో గానీ, హైస్కూల్ పూర్తి చేయడంలో గానీ, కాలేజీలో చేరడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాలిఫోర్నియాలో విడిగా జరిగిన పరిశోధన మాత్రం మంచి ఫలితాలు చూపింది. అందుకే డబ్బు వృథా అని ఒక్క మాటలో కొట్టేయడం తొందరపాటే. ఒకే డబ్బు ఒకచోట పని చేసి ఇంకోచోట చేయకపోతే, తేడా మధ్యలో నడిపించిన చేతుల్లో ఉందని అనుమానించాలి.

టెనెసీ ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. రాష్ట్రం 2012లో అట్టడుగు బడులను డిస్ట్రిక్టుల నుంచి లాగేసుకుని తన కింద ప్రత్యేక డిస్ట్రిక్టు నడపడం మొదలుపెట్టింది. కింది 5 శాతంలో ఉన్న బడులను ఐదేళ్లలో పై 25 శాతంలోకి తెస్తామని ప్రకటించింది. చాలా బడులను చార్టర్ సంస్థలకు అప్పగించింది. ఐదేళ్లు గడిచినా లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆ రాష్ట్రంలోనే ఉన్న మెంఫిస్‌లో అదే తరహా బడులను స్థానిక డిస్ట్రిక్టే తన చేతిలో ఉంచుకుని ఇంకో పద్ధతిలో నడిపింది. మంచి టీచర్లకు అదనపు జీతమిచ్చి రప్పించింది, బడి వేళలు పెంచింది, ప్రిన్సిపల్స్‌ను ఏరి వేసింది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెంటినీ పోల్చి చూస్తే, స్థానికంగా నడిపిన బడులే ముందున్నాయి. యజమానిని మార్చడం కంటే తరగతిలో ఎవరు నిలబడ్డారన్నది ఎక్కువ పని చేసిందన్నమాట.

హ్యూస్టన్ కథ ఇంకా విచిత్రం. టెక్సస్‌లో 2015 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒక్క బడి వరసగా ఐదేళ్లు ఫెయిలైతే ఆ బడిని మూసేయాలి, లేదా డిస్ట్రిక్టు బోర్డు మొత్తాన్ని తీసేసి రాష్ట్రం సొంత బోర్డు వేయాలి. ఇది ఫెడరల్ షరతు కాదు, రాష్ట్రం తనంతట తాను పెట్టుకున్న కత్తి. వీట్లీ హైస్కూల్ ఫలితాల కారణంగా 2019లో రాష్ట్రం హ్యూస్టన్ బోర్డును తొలగించబోతే కోర్టులు ఆపాయి. కేసు నడుస్తుండగానే 2022లో వీట్లీ సీ గ్రేడుతో పాసైంది. అయినా 2023 జూన్‌లో సుమారు 270 బడులున్న డిస్ట్రిక్టు రాష్ట్రం చేతికి వెళ్లింది. తర్వాత రాష్ట్ర రేటింగులు బాగా పెరిగాయి, 2025లో ఎఫ్ గ్రేడు బడి ఒక్కటీ మిగల్లేదు. ఆ కాలంలోనే టీచర్లు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు, పిల్లల సంఖ్యా తగ్గింది. ఈ రెండు అంకెల్లో ఏది అసలు కథ అన్న వాదన అక్కడ ఇంకా తెగలేదు.

ఇంత నాటకీయత లేని చోట, అంటే దాదాపు అన్నిచోట్లా, జాబితాలో పడిన బడి ఒక మెరుగుదల ప్రణాళిక రాస్తుంది. ఆ బడికి ఏం కొరత ఉందో చూపించాలి, పరిశోధనలో రుజువైన పద్ధతి ఎంచుకోవాలి, వనరుల పంపిణీలో అన్యాయం ఉంటే గుర్తించాలి. ఫెడరల్ ఆడిట్ సంస్థ 2024లో ఇలాంటి ప్రణాళికలు తిరగేసి చూస్తే, ఈ మూడూ ఉన్నవి సగం కూడా లేవు. చాలావాటిలో తప్పిపోయేది వనరుల అన్యాయం. అందులో ఆశ్చర్యం లేదు. అనుభవం ఉన్న టీచర్లందరూ ఊరికి అటువైపు బడుల్లోనే ఉన్నారని రాయాల్సింది ఎవరు? ఆ పంపిణీ చేసిన డిస్ట్రిక్టే. పరిశోధనలో రుజువైన పద్ధతి అన్న షరతు కూడా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల బ్రోచర్ల మీద ఒక ముద్రగా మారిపోయింది.

నాలుగేళ్లలోపు బడి బయటపడకపోతే రాష్ట్రం మరింత గట్టి చర్య తీసుకోవాలి. ఆ చర్య ఏమిటో చట్టం చెప్పదు. చాలా రాష్ట్రాలు దాన్ని మరో ప్రణాళికతో, టీచర్లకు మెలకువలు నేర్పే మరో కోచ్‌తో సరిపెడుతున్నాయి.

కోవిడ్ కాలంలో మూడు విడతల్లో వచ్చిన 19,000 కోట్ల డాలర్ల సాయం కూడా ఈ కాలువల్లోంచే పారింది. 90 శాతం టైటిల్ వన్ లెక్కన డిస్ట్రిక్టులకు వెళ్లింది. మామూలు రోజుల్లో ఒక సంతకం కోసం ఫైలు తిప్పి పంపే యంత్రాంగం అంత వరదను ఎలా తట్టుకుంటుంది? డబ్బు దాటిపోయింది. ఏ కార్యక్రమం పని చేసిందో చెప్పగల రికార్డు చాలా రాష్ట్రాల్లో మిగల్లేదు.

2025లో పైనున్న వాషింగ్టన్ కొసే కదిలింది. మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు. జులై 1న రాష్ట్రాలకు అందాల్సిన సుమారు 680 కోట్ల డాలర్లు ఆపి, రాష్ట్రాల నుంచి, రెండు పార్టీల సెనేటర్ల నుంచి ఒత్తిడి వచ్చాక ఆ నెలాఖరుకు వదిలారు. అందులో టైటిల్ వన్ ప్రధాన నిధి లేదు గానీ, టీచర్ల శిక్షణ, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు, బడి తర్వాతి కార్యక్రమాల సొమ్ము ఉంది. అప్పటికే చాలా డిస్ట్రిక్టులు కొత్త ఏడాది నియామకాలు పూర్తి చేసి ఉన్నాయి. నవంబరులో టైటిల్ వన్ సహా పాఠశాల విద్యా గ్రాంట్ల నిర్వహణలో కార్మిక శాఖకు భాగమిస్తూ ఒప్పందం చేసుకున్నారు.

అయోవా, ఇండియానా వంటి రాష్ట్రాలు వేర్వేరు నిధులను కలిపి తమ ఇష్టప్రకారం వాడుకోవడానికి మినహాయింపులు అడిగాయి. అడిగేవాళ్లు ఆ టీచర్ జీతం ఫైలులోని సంతకాలను చూపిస్తారు, ఈ కాగితాల మీద పోయే సమయం బడికి పోనివ్వమంటారు. వద్దనేవాళ్లు 1969 నాటి స్విమ్మింగ్ పూల్స్‌ను గుర్తు చేస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ రెండు వైపులా వాదిస్తున్నది డబ్బు ఎటు పోవాలన్న దాని మీదే. జాబితాలో పడ్డ బడికి వెళ్లి, ఆరు నెలలు కూర్చుని, మూడో తరగతిలో ఏం జరుగుతోందో చూడగల మనుషులు రాష్ట్ర విద్యాశాఖలో ఎంతమంది ఉన్నారు, వాళ్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి అన్నది ఆ దరఖాస్తుల చుట్టూ జరుగుతున్న చర్చలో పెద్దగా వినబడదు. చాలా రాష్ట్రాల్లో ఆ జీతాల్లో మంచి భాగం వచ్చేది ఇప్పుడు ఊగిసలాడుతున్న ఆ ఫెడరల్ గ్రాంట్ల నుంచే.